అద్దెయింటి మొగమాటము

నేను బడిపంతులను. ఉద్యోగమున జేరిన నాటినుండి నేటివరకు 20 ఏండ్లకు పైగా పరుల యిండ్లలోనే కాపురము చేసితిని. ఆరు ఇండ్లు మారితిని. ఆరింటను నాకు మంచిపేరే వచ్చినది. ఇల్లు ఖాళీచేయునప్పుడు యజమానులు నన్నుగూర్చి చెప్పిన మాట యించుమించుగ నొక్కటే: "మాస్టారు బంగారంలాంటి మనిషి. ఉన్నన్నాళ్లూ ఇది బాగులేదు, అది బాగులేదు అని ఒక్కమాట అనలేదు." ఈ మాటను నేను చాలకాలము పతకమువలె ధరించి తిరిగితిని. అది పతకము కాదనియు, నామీద మోపదగిన నేరమనియు నాకు 44వ యేట తెలిసినది. ఎట్లు తెలిసెనో చదువరులకు విన్నవించుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కాకినాడలో 2019 నుండి మేము కాపురమున్న యిల్లు మూడు వాటాల డాబా. దానిని కట్టించిన కథ యింటియజమానురాలు నాకు పలుమార్లు చెప్పినది. అచ్చట మునుపు వారికొక పెంకుటిల్లు ఉండెడిదట. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో దాని పెంకులన్నియు లేచిపోయి దూలము విరిగినది. ఆమె భర్త తన భవిష్యనిధి సొమ్ము తీసి, తరువాతి సంవత్సరము ఆ స్థలముననే శ్లాబు వేయించెను. "ఇక ఏ గాలీ దీన్ని ఎత్తుకుపోలేదు" అని ఆయన అనెడివాడట. ఆయన గతించినాడు. ఆమె ముందువాటాలో ఒంటరిగ నుండును. కొంత కుటుంబపింఛను, రెండు వాటాల అద్దె, ఇవియే ఆమె జీవనాధారము. వయస్సు డెబ్బదికి మించినది. మోకాళ్లనొప్పులచే డాబా మెట్లెక్కి చాల యేండ్లయినది. మేమందరము ఆమెను మామ్మగారని పిలుతుము. వెనుకవాటాలో నా తల్లి, భార్య, కుమార్తె, నేను ఉందుము.

2022 జూలై నెలలో ఒకనాటి ఉదయము నా తల్లి మంచమునకు ఎగువను, శ్లాబు మూలను, అరచేయి యంత చెమ్మమరక కనబడెను. మొదట చూచినది నా భార్య. "ఏవండీ, మామ్మగారితో ఒకమాట చెప్పకూడదూ?" అని ఆమె యడిగినది. "చూద్దాంలే" అంటిని.

ఈ "చూద్దాంలే" యను మాటను గురించి కొంచెము చెప్పవలెను. దీనిలో చూచుట యెంతమాత్రమును లేదు. చూడకుండుటకై మన గృహస్థులు కనిపెట్టిన మాట యిది. నేనేల చెప్పలేదని యిప్పుడు నన్ను నేను ప్రశ్నించుకొనగా అప్పటి కారణములన్నియు వరుసగా వచ్చి నిలుచుచున్నవి. మూడేండ్లుగా ఆమె అద్దె పెంచలేదు. నేను పోయి శ్లాబు మాట యెత్తినచో, ఆమెకు అద్దెమాట గుర్తునకు రావచ్చును. మరమ్మతు చేయింపవలెను, ఖాళీచేయుడనవచ్చును. కుమార్తె పదవతరగతికి వచ్చుచున్నది, ఇప్పుడు ఇల్లు మారుట యెట్లు? ముసలియామెను ఖర్చులో దింపుట ధర్మమా? ఈ మూడింటిలో కడపటిదానిని మాత్రమే నేను నా భార్యకు చెప్పితిని. మొదటి రెండును భయములు, మూడవది దయ. భయమును లోపల దాచి, దయను వాకిట నిలుపుట మావంటి చదువుకొన్నవారికి సులభముగ నబ్బిన విద్య.

అంతటితో నాగలేదు. 2023 సంక్రాంతికి నా సొంత సొమ్ముతో రంగు తెప్పించి గదియంతయు వేయించితిని. మరక కనబడకుండ పోయినది. మామ్మగారు పండుగనాడు గడపవరకు వచ్చి చూచి, "సొంత ఇంటిలా చూసుకుంటున్నారు నాయనా" అని మురిసిపోయెను. నేను చిరునవ్వు నవ్వి ఊరకుంటిని. ఆ యేటి వానలకు మరక మరల వచ్చినది. ఈసారి అది అరచేయి కాదు, విస్తరాకు. దాని నడుమ వెండ్రుక వంటి పగులొకటి గీటుగా సాగినది. కర్రతో తట్టి చూడగా డొల్లమ్రోత వినబడెను. అప్పుడు నేనేమి చేసితిననుకొందురు? అమ్మ మంచమును రెండు మూరలు ఇవతలికి జరిపితిని.

నేను రంగు వేయించుచు, మంచము జరుపుచు నున్న యాకాలమున శ్లాబులోపల నేమి జరుగుచుండెనో తరువాత తాపీమేస్త్రి వలనను, కొంత చదివియు తెలిసికొంటిని. కాంక్రీటుకు సహజముగ క్షారగుణము కలదు. ఆ గుణముచే అది తన కడుపులోని యినుపచువ్వలను తుప్పుపట్టకుండ కాపాడును. నీరు ఊరి లోపలికి దిగినకొలదియు, గాలి సోకినకొలదియు ఆ కాపుదల సడలును. సముద్రము దగ్గరనున్న మా ఊరివంటి చోట గాలిలోని ఉప్పు ఆ పనిని మరింత త్వరపెట్టును. చువ్వకు తుప్పు పట్టెనా, అది తాను తినివేసిన యినుముకంటె రెండింతలు మొదలు ఆరింతల వరకు ఎక్కువ చోటు కోరును. చోటులేని చోట చోటు కోరుటచే చుట్టునున్న కాంక్రీటును త్రోయును, అది పగులును, పగులునుండి మరికొంత నీరు దిగును, మరికొంత తుప్పు పుట్టును. ఒకదానినొకటి పెంచుకొను ఈ వలయము పైకి వినబడదు. ఋణశేషము, అగ్నిశేషము, శత్రుశేషము ఉంచరాదని మన పెద్దలందురు. ఆ మూటితోడ నీటిశేషమును గూడ చేర్చవలెనని నా యనుభవము.

2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటెను. మా ఊర కూడ వాన ఎడతెగక కురిసినది. ఆ మరునాడు తెల్లవారుజామున పెద్ద చప్పుడై లేచితిమి. దీపము వేసి చూడగా గదినిండ దుమ్ము. పీట యంత పెచ్చు శ్లాబునుండి ఊడి అమ్మ మంచముమీద, తలగడ యున్నచోట, పడియున్నది. నేను లెక్కవేసి జరిపిన రెండు మూరలను చెమ్మ లెక్కపెట్టలేదు. అమ్మ మంచినీళ్లకని లేచి వంటింటి గడపలో నిలిచియుండుటచే బ్రతికినది. చేతిలో చెంబుతో ఆమె మంచమువంక చూచి, పిమ్మట నావంక చూచి, "ఒరేయ్, మంచం ఇందుకేనా జరిపావు?" అని యడిగినది. సంస్కృతమున, ఆంగ్లమున, తెనుగున నేను చదివిన చదువులలో నెందును ఆ ప్రశ్నకు నాకు బదులు దొరకలేదు.

తెల్లవారినపిదప మామ్మగారు గోడ పట్టుకొనుచు వచ్చెను. మొదట అమ్మ చేయి పట్టుకొని, "మీకేం కాలేదు కదా వదినగారూ?" అని రెండుమారులడిగి, తరువాత తలయెత్తి చూచెను. తుప్పుపట్టిన చువ్వలు ఎముకలవలె కనబడుచుండెను. ఎప్పటినుండి అని యడిగినది. ఉన్నదున్నట్లు చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట మెల్లగ, "చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది నాయనా? మెట్లెక్కలేనిదాన్ని. వెనకవాటాలో నా కళ్లు మీరే కదా. ఆ సంక్రాంతికి రంగు వేయించారని నలుగురితో గొప్పగా చెప్పుకున్నాను" అనెను. ఆమె కోపపడియున్నచో నాకు కొంత సులభముగ నుండెడిది.

తాపీమేస్త్రి వచ్చి డాబా యెక్కెను. ప్రక్కయింటి వేపచెట్టు ఆకు మూలతూములో పడి కుళ్లి బిరడావలె బిగిసినది. నీరు పోవు దారిలేక అచ్చటనే మడుగుకట్టి నిలిచెడిది. అతడు చేయి దూర్చి ఆ యాకును గుప్పెడు బయటికి లాగి నాకు చూపించెను. "మొదటేడు ఈ గుప్పెడాకు తీసి, పగులుకి సిమెంటు పట్టించి ఉంటే ఒక్కపూట పని మాస్టారూ" అని అతడన్నాడు. ఒకపూట పని 19 దినముల పనియైనది. డొల్లయైన కాంక్రీటు చెక్కివేయవలసి వచ్చెను. చువ్వలు గీకి, సన్నబడినచోట క్రొత్తవి కట్టి, మరల పూతపూసి, పైన నీరు దిగకుండ క్రొత్త తాపడము వేయవలసి వచ్చెను. మొత్తము 84,000 రూపాయలైనది. మామ్మగారు చేతి గాజులు రెండు తాకట్టుపెట్టెను. దయగలవాడనై ఆమెను ఖర్చులో దింపరాదని నేను ఊరకుండిన దానికి ఫలమిది. ఆ ఖర్చులో నావంతు నేను ఇయ్యబోగా ఆమె చాలసేపు వలదనెను. కడకు నెలకు 2,000 చొప్పున అద్దెతో కలిపి తీసికొనుటకు ఒప్పుకొనినది. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యని సామెత. ఆ గొడ్డలి ఆమె గాజులమీద పడినది. వెంట్రుకవాసిలో నా తల్లి తలమీద పడవలసినది.

తరువాత నేను చట్టమేమి చెప్పుచున్నదో చూచితిని. మన దేశమున 1882లో చేసిన ఆస్తి బదలాయింపు చట్టములో 108వ విభాగము అద్దెకిచ్చినవారి, అద్దెకున్నవారి హక్కులను, బాధ్యతలను చెప్పును. వేరు ఒడంబడిక లేనియెడల, యజమాని చేయవలసిన మరమ్మతును, కాపురమున్నవాడు తెలియజేసినపిదప తగిన కాలములో అతడు చేయనిచో, కాపురమున్నవాడే చేయించి ఆ వ్యయమును వడ్డీతోగూడ అద్దెలో మినహాయించుకొనవచ్చునని దానిలో నున్నది. కేంద్రమంత్రివర్గము 2021 జూన్ 2వ తేదీన ఆమోదించిన నమూనా అద్దె చట్టము రాష్ట్రములు తమ చట్టములను తీర్చుకొనుటకై యేర్పడినది. అది పనులను ఇంకను స్పష్టముగ పంచినది: కట్టడపు మరమ్మతులు, గోడలకు సున్నము, నీటిగొట్టములు మార్చుట, విద్యుత్తు తీగలు యజమానివంతు, కొళాయి బిరడాలు, కాలువ శుభ్రము, మీటలు, తాళములు, గాజుపలకలు వంటివి కాపురమున్నవానివంతు. యజమాని తన వంతు చేయనిచో కాపురమున్నవాడు చేయించి మినహాయించుకొనవచ్చును. అయితే ఏ నెలయందును ఆ మినహాయింపు అద్దెలో సగమునకు మించరాదు.

ఈ రెండింటను నేను గమనించిన దొకటి కలదు. కంటబడని దోషమునకు చట్టము యజమానిని తొందరపెట్టజాలదు. 1882 నాటి చట్టములో "తెలియజేసినపిదప" అన్నచోటనే గడియారము తిరుగుట మొదలగును. మనము నోరు విప్పనిచో ఆ గడియారము తిరుగనే తిరుగదు. తుప్పు మాత్రము తిరుగుచుండును. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన యిండ్లలో ప్రతిదినము అనుకొందుము. అమ్మకు వర్తించినది మామ్మగారికి వర్తింపదా?

ఇంతవరకు వ్రాసి, తప్పంతయు కాపురమున్నవారిదే యని ముగించినచో నేను సగము సత్యము చెప్పినవాడ నగుదును. నా మిత్రుడొకడున్నాడు. అతని స్నానాలగదిలో వేడినీళ్ల యంత్రము వేసినప్పుడెల్ల కొళాయి ముట్టుకొనిన చేయి జిల్లుమనెడిది. మూడు నెలలు అతడెవ్వరికిని చెప్పలేదు. పిల్లలకు మాత్రము కొళాయి ముట్టవద్దని చెప్పి తానే నీళ్లు పట్టియిచ్చుచుండెను. ఇది తెలిసి నేను మందలింపబోగా అతడు నావంక చూచి యిట్లనెను: "పదకొండు ఇళ్లవాళ్లు కులం అడిగి, లేదని పంపేశారు. పన్నెండో ఆయన ఇచ్చాడు. ఇప్పుడు నేను వెళ్లి మీ కొళాయి కరుస్తోందని చెప్పమంటారా?"

నా మౌనమును అతని మౌనముతో నేనొక త్రాసున తూచలేను. నాది మొగమాటము, అతనిది, ఊరు తన నోటికి వేసిన తాళము. వాకిట కులమడిగి, వంటయింట తినునది యడిగి, అప్పుడుగాని తాళపుచెవి యియ్యని యజమాని, తన గోడలో నీరు దిగుచున్నదని తనకెవ్వరును చెప్పలేదని వగచుటలో అర్థము లేదు. బెదరిన కంటికి చెమ్మ కనబడినను బెదరిన నోట మాట రాదు. మన పట్టణములలో ఇండ్లు త్వరగా పాడగుటకు ఉప్పుగాలి యెంత కారణమో, ఈ భయమును అంత కారణమని నేను నమ్ముచున్నాను.

మరునాడు మేమిద్దరమును కలిసి యజమానియొద్దకు పోయితిమి. ఆయన విద్యుత్తు పనివానిని పిలిపించెను. వేడినీళ్ల యంత్రమునకు భూమితీగ యూడిపోయినదని తేలెను. దానిని బిగించుట గంట పని. 30 మిల్లీఆంపియర్ల ప్రవాహము దారితప్పినను వెంటనే కరెంటు ఆపివేయు మీట యొకటి పెట్టించుట మరియొక గంట పని. ఆ రెండు గంటలకై మూడు నెలలు ముగ్గురు పిల్లల ప్రాణములు ఆ కొళాయిచెంత వ్రేలాడినవి. యజమాని, "ఇంతదానికి ఇన్నాళ్లు ఆగారా?" అని ఆశ్చర్యపడెను. అడుగవలసిన ప్రశ్నయే, కాని దానికి బదులు ఆయన వాకిటనే యున్నది.

కాబట్టి యిరువురకును మనవి చేయుచున్నాను. అద్దెకున్నవారలారా, గోడకు చెమ్మ, శ్లాబుకు పగులు, మీట ముట్టిన చేతికి జిల్లు, ద్వారబంధము ప్రక్కను చెదలు కట్టిన సన్నని మట్టిదారి, ఇవి కనబడిననాడే చెప్పుడు. చిన్నదని యుపేక్షింపకుడు. సెకనుకొక చుక్క చొప్పున కారు కొళాయినుండి దినమునకు 86,400 చుక్కలు పోవును. చుక్క యెంత చిన్నదైనను అది 4 లీటర్లకు తక్కువ కాదు. నోటితో చెప్పినపిదప, తేదీ వేసి రెండు పంక్తులు వ్రాసి, ఫోనుతో తీసిన బొమ్మను జతచేసి పంపుడు. ఇది తగవునకు సాక్ష్యమని యెంచవలదు, మరుపునకు మందు. చెప్పుటలో ఫిర్యాదు స్వరము అక్కరలేదు. "మీ యింట ఇట్లు కనబడుచున్నది, మీకు తెలియుట మంచిది" అన్న చాలును.

ఇండ్లిచ్చువారలారా, అద్దె తీసికొనుదినమున "ఇంట్లో ఏమైనా చెప్పవలసినదున్నదా?" అని మీరే యడుగుడు. మరమ్మతు మాట వచ్చిననాడు అద్దె పెంచు మాట యెత్తకుడు. ఒక్కమారు ఆ రెండింటిని ముడివేసితిరా, ఆ యింటనుండి మరి యే కబురును మీకు రాదు. చెప్పినవానికి కృతజ్ఞత చెప్పుడు; అతడు మీ సొమ్మును కాపాడినాడు. వానలకు ముందు ఒకమారు డాబా యెక్కుడు, లేదా యెక్కగలవారిని పంపుడు.

ఇప్పుడు మా యింట నొక యేర్పాటు జరిగినది. ప్రతి జ్యేష్ఠమాసమున చీపురు పట్టుకొని డాబా యెక్కువాడను నేను. తూము మూతికి జాలి బిగించితిమి. అయినను వేపాకు తన ప్రయత్నము మానలేదు. ప్రతినెల మొదటితేదీన మామ్మగారు అద్దె లెక్కపెట్టుకొనుటకు ముందే, "వెనకవాటా కబుర్లేమిటి?" అని యడుగును. ఏమియు లేకున్న లేదనియే చెప్పుదుము. పోయిననెల వంటింటి కిటికీ రెక్క బిగుసుకుపోవుచున్నదని నా కుమార్తె నాకు చెప్పినది. నేను అలవాటున "చూద్దాంలే" అనబోయి నాలుక కరచుకొంటిని. అప్పటికే అది ముందువాటా గడప దాటి, "మామ్మగారూ!" అని పిలుచుచుండెను.